వడ్డన సినిమా చివరిదాకా

ఆంటీ పోయారన్న కబురు నాకు మంగళవారం పొద్దున, చికాగో ఆఫీసుకి వెళ్ళే రైల్లో, ఫోన్‌లో వచ్చింది. మా ఊరు నేపర్‌విల్ తెలుగువాళ్ళ గ్రూప్‌లో ఎవరో పెట్టారు. "ఆంటీ నిద్రలోనే వెళ్ళిపోయారు. ఓం శాంతి." దాని కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు వరసగా ఉన్నాయి. వాటి మధ్యలో ఒక మెసేజ్: "అయ్యో, ఇక ఆ గోంగూర మనకెవరు చేసిపెడతారు?"

ఫోన్ బ్యాగ్‌లో పడేశాను. ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. ఇవాళ్టికీ ఆ కోపం పోలేదు. పోయినవాళ్ళ గురించి మెత్తగా, తీయగా రాసిన వ్యాసాలు నేనూ చదివాను. ఇది అలా రాయడం నా వల్ల కాదని ముందే చెప్పేస్తున్నాను. కోప్పడాల్సినవాళ్ళ జాబితాలో నా పేరు కూడా ఉంది కాబట్టి మీరు మరీ నొచ్చుకోనక్కర్లేదు.

ఆంటీ నాకు చుట్టం కాదు. ఎమ్మెస్ చదవడానికి వరంగల్ నుంచి వచ్చిన కొత్తలో ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో రెండున్నరేళ్ళు అద్దెకున్నాను. భీమవరం పక్క ఊరు ఆవిడది. హిస్టరీలో ఎమ్మే చేశారు. అంకుల్ ఇంజనీరు, అప్పటికే రిటైరయ్యారు. పిల్లల్లేరు. ఊళ్ళో తెలుగు కుర్రాళ్ళూ పిల్లలూ అందరూ ఆంటీ అనే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ అసలు పేరు నాకు తెలిసింది మొదటి నెల అద్దె చెక్కు రాసినప్పుడు.

ఆంటీ వారానికి మూడు రోజులు స్టేషన్ దగ్గరి వీడియో షాపులో పనిచేసేవారు. ఇది చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా అదేదో కాలక్షేపం అనుకున్నారు. చీర మీద షాపువాళ్ళ ఎర్రకోటు తొడుక్కుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, హారర్ సినిమాల అర ముందు నిలబడేవారు. ఆ అర పూర్తిగా ఆవిడ చేతిలోనే ఉండేది. మంచి సినిమా అనిపిస్తే చిన్న అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం రాసి డబ్బాకి అంటించేవారు. హైస్కూలు పిల్లలు జుట్టుకి రంగులేసుకుని వచ్చి, "ఈ వారం ఏం చూడమంటారు?" అని ఆవిడనే అడిగేవాళ్ళు. మన పెళ్ళి భోజనాల్లో ఆవిడని ఎవ్వరూ అలాంటి ప్రశ్న అడగలేదు.

తిరిగొచ్చిన టేపుల్ని ఆవిడ ఒక్కొక్కటీ పెట్టి పరీక్షించేవారు. "టేప్ చూస్తే చాలమ్మా, జనం ఎక్కడ ఆగారో తెలిసిపోద్ది" అనేవారు. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తే అక్కడ టేప్ అరిగిపోయి, బొమ్మ మీద తెల్లగీతలు పడతాయట. "మిగతా సినిమా కొత్తగా ఉంటది, ఆ ఒక్క నిమిషం మాత్రం ముసలిదైపోద్ది" అని నవ్వేవారు.

నేను వచ్చిన మొదటి చలికాలంలో, ఒక శనివారం మధ్యాహ్నం, ఖాళీ గిన్నె తిరిగివ్వడానికి పైకి వెళ్ళాను. ఆంటీ సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. టీవీలో ఒక పెద్దమనిషి మొహం మీద ఇద్దరు ఆడవాళ్ళు ఎంతో ప్రేమగా దిండు నొక్కుతున్నారు. పక్కన నిలబడ్డ ఒకాయన ఆ చచ్చేవాడి టై సరిచేస్తున్నాడు. ఆంటీ మొహం రామాయణం వింటున్నంత ప్రశాంతంగా ఉంది.

"టీ పొయ్యి మీదుంది, పోసుకుని వచ్చి కూర్చో" అన్నారు తల తిప్పకుండా.

అది చిన్న మాట కాదు. ఆ ఇంట్లో ఎవరు గుమ్మం తొక్కినా ఆంటీ లేచి వంటగదిలోకి వెళ్ళేవారు. పోస్ట్‌మన్ వచ్చినా మజ్జిగ ఇచ్చేవారు. ఆవిడ లేవకుండా కూర్చుని, నన్నే పోసుకోమన్నది ఆ సినిమా నడుస్తున్నప్పుడు మాత్రమే.

ఆ సినిమాకి ఇంగ్లీషులో ఏదో పేరుంది. ఆంటీ ఎప్పుడూ దాన్ని "మన వడ్డన సినిమా" అనేవారు, నేనూ అలాగే అంటాను. అది బ్రిటన్‌లో తీసిన పాత సినిమా. సముద్రం ఒడ్డున ఒక ఊరు, చలికాలం, టూరిస్టులు రాని రోజులు. ఒక పెద్ద ఇంట్లో తల్లి, ఆవిడ తమ్ముడు, పెళ్ళికాని ఇద్దరు కూతుళ్ళు ఉంటారు. దారినపోయేవాళ్ళకి గదులు అద్దెకిస్తారు. రాత్రి అందరూ ఒకే బల్ల దగ్గర భోంచెయ్యాలి. చిన్నకూతురు వంటగదిలోంచి గిన్నెలు మోసుకొస్తుంది, తల్లి వడ్డిస్తుంది. "ఇంకొంచెం వేసుకోండి" అంటుంది. తల్లి బల్ల దగ్గర్నుంచి లేవకముందే "చాలండీ" అని కుర్చీ వెనక్కి జరిపిన అతిథి మర్నాడు కాఫీకి ఉండడు. అంతే. కేకల్లేవు, కత్తుల్లేవు. పెద్దకూతురు చంపేముందు క్షమించమని అడుగుతుంది.

"చూశావా, బల్ల మీద గుడ్డకి ఒక్క మరక అంటనివ్వరు. అదీ పెంపకం అంటే" అన్నారు ఆంటీ.

నాకు నవ్వాగలేదు. మా అత్తయ్యలు గుర్తొచ్చారు. "మా దగ్గర గూడ గిట్లనే ఉంటది ఆంటీ, వద్దన్నా ఇనరు" అన్నాను.

"మా గోదావరి వాళ్ళయితే ఈ తల్లికి పాఠాలు చెప్తారు" అన్నారు. తర్వాత టీవీ వైపే చూస్తూ, "దెయ్యాలంటే నాకు భయం లేదమ్మా. మర్యాదస్తులంటేనే భయం" అన్నారు.

సినిమా సగంలో బొత్తాలు అమ్ముకునే ఒక సేల్స్‌మన్ వస్తాడు. బక్కపలచటి మనిషి. మొదటి రాత్రే వాడికి ఈ ఇంటి పద్ధతి అర్థమవుతుంది. బతకాలంటే లేవకూడదు. లేవకుండా ఉండాలంటే తింటూనే ఉండాలి. అక్కడి నుంచి సినిమా అంతా వాడు తినడమే. అంత భయంకరమైన దృశ్యం నేనెక్కడా చూడలేదు. వాడు చెంచా ఎత్తినప్పుడల్లా నేను మొహం పక్కకి తిప్పుకునేదాన్ని.

అక్కడిదాకా నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ మధ్యలో లేచిపోయాను. ఒకసారి అసైన్‌మెంట్, ఒకసారి ఇంటి నుంచి అమ్మ ఫోన్, ఒకసారి ఫ్రెండ్స్ కార్ వేసుకుని షాపింగ్‌కి రమ్మంటే. "చివర ఏమైతది ఆంటీ? చెప్పేయండి" అంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "చెప్తే ఇంకెందుకు? కూర్చుని చూడాలి" అనేవారు. డబ్బాకి ఆవిడ అంటించిన అట్టముక్క మీద కూడా అదే ఉండేది, చివరిదాకా కూర్చోండి అని. ఆ షాపులో దాన్ని ఆవిడ తప్ప ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు దాదాపు లేరు.

సొంత దేశంలోనే ఆ సినిమా రెండు వారాలు ఆడలేదని ఆంటీ చెప్పేవారు. పత్రికలవాళ్ళు చీదరించుకున్నారట. హారర్ ఇష్టపడేవాళ్ళు రక్తం లేదని వదిలేశారు, ఇష్టపడనివాళ్ళు హారర్ అని వదిలేశారు. డిస్క్‌గా ఎవరూ వెయ్యలేదు. "బాగా లేదంటే సరేనమ్మా. చివరిదాకా చూడకుండా బాగా లేదంటే మాత్రం నాకు ఒళ్ళు మండుద్ది" అన్నారొకసారి. ఆవిడ గొంతు పెంచగా నేను విన్నది అదొక్కసారే.

నా హెచ్‌వన్ వీసా మొదటి ఏడాది రాలేదు. లాయర్ ఆఫీస్ నుంచి మెయిల్ వచ్చిన రోజు బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఆంటీ వచ్చి పక్కన కూర్చున్నారు. ధైర్యం చెప్పలేదు, దేవుడున్నాడని అనలేదు. "లోపలికి రా, మంచి భయమేసే సినిమా పెడతాను. భయమేస్తే ఏడుపు ఆగిపోద్ది" అన్నారు. నిజంగానే ఆగింది. నేను ఈ దేశంలో నిలదొక్కుకున్నానంటే అందులో ఆ సోఫాకి సగం వాటా ఉంది.

ఇప్పుడు గోంగూర సంగతికి వస్తాను.

ఆంటీ వంట అద్భుతంగా చేసేవారు, కాదనను. కానీ ఆవిడకి వంటంటే ఇష్టం లేదు. ఇష్టం లేకపోవడం అంటే తక్కువ మాట. ఒకరోజు పాతికమందికి బియ్యం కడుగుతుంటే నేను సాయానికి వెళ్ళాను. "మీకు వంటంటే ఎంత ఇష్టమో కదా ఆంటీ" అన్నాను మామూలుగా. ఆవిడ చేతులు నీళ్ళలోనే ఆగాయి.

"ఎవరు చెప్పారు నీకు?"

"అందరూ అంటరు కదా."

"నన్నెవరూ అడగలేదే. పన్నెండేళ్ళప్పుడు మా అమ్మకి జ్వరం వస్తే గరిటె చేతికిచ్చారు. మళ్ళీ ఎవరూ తీసుకోలేదు" అన్నారు. గిన్నెలో నీళ్ళు వంచేసి, "వంటగది వాసనే పడదు నాకు. త్వరగా అయిపోవాలని బాగా చేస్తాను. బాగా చెయ్యకపోతే మళ్ళీ చెయ్యమంటారుగా" అని నవ్వారు.

ఆంటీ కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. అందరి భోజనాలూ అయ్యాక స్టవ్ పక్కన నిలబడి, కంచం ఎడమచేతిలో పట్టుకుని, కిటికీలోంచి ఎదురింటి గరాజ్ తలుపు చూస్తూ తినేవారు. కుర్చీలు ఖాళీగానే ఉండేవి. "కూర్చోండి ఆంటీ" అని నేనెప్పుడైనా అన్నానా అని ఆవిడ పోయినప్పట్నుంచీ గుర్తుచేసుకుంటున్నాను. అన్నట్టు గుర్తు లేదు.

రెసెషన్ వచ్చిన తర్వాత వీడియో షాపు మూతపడింది. జనం ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లోనే సినిమాలు చూస్తున్నారు, ఇక టేపులెవరికి కావాలి? ఓనరు వెళ్ళిపోతూ ఆంటీని ఏం కావాలో తీసుకోమన్నాడు. ఆవిడ ఆ ఒక్క టేపే తీసుకున్నారు. ఎర్రకోటు మడిచి తిరిగిచ్చేశారు. ఆ తర్వాత వారానికి ఏడు రోజులూ వంటగదే అయింది.

నాకప్పటికి ఉద్యోగం వచ్చి, పెళ్ళై, అదే ఊళ్ళో ఇల్లు తీసుకున్నాం. మా తెలుగు సంఘంలో నన్ను కల్చరల్ సెక్రటరీని చేశారు. ఏడాదికి రెండుసార్లు లైబ్రరీ హాల్ తీసుకుని సినిమా మధ్యాహ్నం అని పెట్టేవాళ్ళం. ఒకరోజు ఆంటీ మా ఇంటికి వచ్చారు. ఫోన్ చెయ్యకుండా రావడం ఆవిడ అలవాటు కాదు. చేతిలో సంచి, సంచిలో టేప్.

"ఈసారి ఇది వేద్దామా? నేను ముందు రెండు మాటలు చెప్తాను. మనవాళ్ళకి భలే అర్థమవుద్ది. తెల్లవాళ్ళకి అర్థం కాలేదు గానీ, మనవాళ్ళు నవ్వి నవ్వి, ఆ తర్వాత ఇంటికెళ్ళి పడుకోలేరు" అన్నారు. ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి. ఒక మనిషి అన్నేళ్ళలో మొదటిసారి ఏదైనా అడిగితే ఎలా ఉంటుందో మీరు చూశారా? నేను చూశాను. చూసి కూడా ఆ తర్వాత చేసింది వినండి.

కమిటీ మీటింగ్‌లో నవ్వారు. "హారర్ ఏందండీ, పిల్లలొస్తారు" అన్నారొకరు. "తెలుగు కూడా కాదు, ఇంగ్లీషాయె" అన్నారు ఇంకొకరు. "ఆంటీకి ఈ పిచ్చి ఎప్పట్నుంచి? పాపం, కొంచెం తేడా చేసిందేమో" అన్నారు ప్రెసిడెంట్ గారు. నేను మాట్లాడలేదు. ఆ రాయబారం నాకే అప్పగించారు. నేను రాసిన మెయిల్ ఇంకా నా కంప్యూటర్‌లో ఉంది. 'ఆంటీ, మీ సినిమా ఈసారి మన ఫ్యామిలీ ఆడియెన్స్‌కి సూట్ అవ్వదేమో. తర్వాత తప్పకుండా ట్రై చేద్దాం. ఆ రోజు లంచ్‌కి మీ చేతి పులిహోర ఉంటే అందరూ చాలా హ్యాపీ.' చివర నవ్వు మొహం బొమ్మ కూడా పెట్టాను.

సాయంత్రం ఆంటీ ఫోన్ చేశారు. "పులిహోర ఎంతమందికమ్మా?" అని మాత్రం అడిగారు.

నేను సంఖ్య చెప్పాను.

అయినా ఆవిడ ఒక్క ప్రయత్నం చేశారు. మరుసటి శీతాకాలంలో తన ఇంటికే పన్నెండుమందిని పిలిచారు. ఆదివారం మధ్యాహ్నం, భోజనం, తర్వాత సినిమా అని స్పష్టంగా చెప్పారు. అందరం వెళ్ళాం. గుత్తివంకాయ, పనసపొట్టు కూర, ముక్కల పులుసు, బొబ్బట్లు. మగవాళ్ళు టీవీ గదిలో గ్రీన్‌కార్డ్ ప్రయారిటీ డేట్లు మాట్లాడుకుంటున్నారు. ఆంటీ బొబ్బట్ల మీద నెయ్యి పోస్తూ గదికీ గదికీ తిరుగుతున్నారు. టీవీలో వడ్డన సినిమా మొదటి బొమ్మ ఆపి పెట్టి ఉంది. సముద్రం, ఇల్లు, ఆగిపోయి వణుకుతున్న అల.

చేతులు కడుక్కున్నాక మొదలైంది. "ఆంటీ, పిల్లాడికి మ్యాథ్ క్లాస్ ఉంది." "మంచు పడుతోందంటున్నారు ఆంటీ, డ్రైవ్ చెయ్యాలి కదా." "రేపు ఆఫీసులో రిలీజ్ ఉందాంటీ." లేచినవాళ్ళకల్లా ఆంటీ పెరుగు డబ్బాల్లో కూరలు సర్ది చేతిలో పెట్టారు. మేమెవరం ఖాళీ చేతులతో వెళ్ళలేదు, సినిమా మాత్రం ఎవరం చూడలేదు. అందరికంటే చివర లేచింది నేను. మా ఆయన కార్ స్టార్ట్ చేసి హారన్ కొట్టారు. "ఆంటీ, నెక్స్ట్ టైమ్ పక్కా" అన్నాను, బొబ్బట్ల డబ్బా పట్టుకుని.

ఆవిడ గుమ్మంలో నిలబడి మా కార్ల వరస చూశారు. "ఆ సినిమాలో అయితే మీలో ఒక్కరు కూడా బతికి బయటపడేవారు కాదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇవాళ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నెక్స్ట్ టైమ్ రాలేదు.

సంతాప సభ సంఘం హాల్లో పెట్టారు. వేదిక మీద ఆంటీ ఫోటో, దండ, పెద్ద బ్యానర్. బ్యానర్ మీద 'మా అన్నపూర్ణకు కన్నీటి నివాళి' అని ఉంది. తెర మీద ఫోటోలు వేశారు. ప్రతి ఫోటోలోనూ ఆంటీ చేతిలో గరిటె ఉంది. ఉండక ఏంచేస్తుంది, మనం ఆవిడని ఫోటో తీసింది అప్పుడే కదా. ఒకరు లేచి గుత్తివంకాయ గురించి మాట్లాడారు. ఒకరు గోంగూర. ఇంకొకాయన బొబ్బట్లు తలచుకుని నిజంగా కళ్ళు తుడుచుకున్నారు. ప్రెసిడెంట్ గారు మైక్ పట్టుకుని, "వంటే ఆవిడ ప్రాణం, వడ్డించడమే ఆవిడ ఆనందం" అన్నారు.

నేను లేచాను. లేవాలని అనుకోలేదు, కాళ్ళే లేచాయి.

"ఆంటీకి వంటంటే అసహ్యం" అన్నాను.

తలలన్నీ నా వైపు తిరిగాయి. మా ఆయన నా కొంగు లాగారు.

"నాతోటి చెప్పింది. వంటగది వాసన పడదన్నది. ఆమెకు ప్రాణమైంది ఒక్క సినిమా. అది మనకు చూపిస్తనంటే మనం నవ్వినం. నేనే మెయిల్ రాసిన. పులిహోర చేసుకరమ్మన్న" అన్నాను. కోపం వస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది.

"ఇప్పుడా ఇవన్నీ? ఇది టైమా?" అని వెనక నుంచి ఒకావిడ అన్నారు. ఎవరో నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. ప్రెసిడెంట్ గారు "ఎమోషనల్ అయ్యారు" అని మైక్‌లో చెప్పి, అందరూ భోంచేసి వెళ్ళాలని కోరారు. క్యాటరింగ్ భోజనం. లైన్లో నా ముందున్నాయన పులిహోర నోట్లో పెట్టుకుని, "పులుపు చాల్లేదు, ఆంటీ ఉంటేనా" అన్నాడు. కంచం అక్కడే పెట్టేసి బయటికి వచ్చేశాను.

అంకుల్ అంతా విన్నారని నాకు అప్పుడు తట్టలేదు. ముందు వరసలోనే కూర్చున్నారాయన. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసి, శనివారం మధ్యాహ్నం ఒకసారి రమ్మన్నారు. తిట్టడానికేమో అనుకున్నాను. తిట్టినా పడదామనుకుని వెళ్ళాను.

తలుపు తీసి లోపలికి పిలిచి, ఆయనే టీ పెట్టి తెచ్చారు. పంచదార రెండింతలు పడింది. నేను తాగాను.

"మా ఆవిడకి వంటంటే ఇష్టం లేదని నీకెప్పుడు చెప్పిందమ్మా?"

"బియ్యం కడుగుతూ చెప్పారు అంకుల్."

"ముప్పై ఎనిమిదేళ్ళు కలిసున్నాం. నాకు చెప్పలేదు."

"మీరు అడిగారా?" అన్నాను. కోపం ఇంకా నోట్లోనే ఉంది, ఆగలేదు. అన్న మరుక్షణం నాలుక్కరుచుకున్నాను. ఆయన కప్పు సాసర్‌లో పెట్టేశారు.

"లేదమ్మా" అన్నారు. "అడగలేదు."

ఆ తర్వాత ఆయన లేచి గుమ్మం పక్కన ఉన్న అట్టపెట్టెల దగ్గరికి వెళ్ళారు. ఆంటీ సామాన్లు సర్దడానికి సంఘంలోని ఆడవాళ్ళు వచ్చి వెళ్ళారట. చీరలు ఒక పెట్టె, గిన్నెలు ఒక పెట్టె. మూడో పెట్టె మీద 'పారేసేవి' అని రాసి ఉంది. ఆయన వంగి దాంట్లోంచి టేప్ తీశారు. డబ్బా మీద అట్టముక్క ఇంకా ఉంది. చివరిదాకా కూర్చోండి.

"ఇదేనా?" అన్నారు. "పక్క గదిలో ఎన్నోసార్లు వినపడేది. నేనెప్పుడూ కూర్చోలేదు. నీకు పెట్టడం వచ్చా?"

వీసీఆర్ బేస్‌మెంట్‌లో ఉంది. నేను మోసుకొచ్చి టీవీకి తగిలించాను. కర్టెన్లు కూడా వెయ్యలేదు, మంచు మీద ఎండ పడి గదంతా తెల్లగా ఉంది. ఇద్దరం సోఫాకి చెరో చివర కూర్చున్నాం. మధ్యలో ఆంటీ కూర్చునే చోటు వదిలేశాం.

సముద్రం వచ్చింది, ఇల్లు వచ్చింది, బల్ల వచ్చింది. తల్లి "ఇంకొంచెం" అన్నప్పుడు అంకుల్ పకాలున నవ్వారు. "మా అమ్మే" అన్నారు. మొదటి అతిథి కుర్చీ వెనక్కి జరిపినప్పుడు ఆయన నవ్వు ఆగింది. దిండు దృశ్యంలో సోఫా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. బొమ్మ మాత్రం కొత్త టేప్‌లా ఎక్కడా గీత లేకుండా ఉంది. నా ఫోన్ రెండుసార్లు మోగింది. మా ఆయన. నేను తియ్యలేదు.

సేల్స్‌మన్ తినడం మొదలుపెట్టాడు. నేను లేచిపోయిన చోటు దాటింది. ఆ తర్వాతది నాకూ కొత్తే. వాడు తింటున్నాడు, చెమటలు పడుతున్నాయి, తల్లి వడ్డిస్తోంది, చిన్నకూతురు వంటగదిలోంచి మరో గిన్నె తెచ్చి వాడి పక్కన నిలబడింది. అప్పుడు బొమ్మ వణికింది. అడ్డంగా ఒక తెల్లగీత, తర్వాత ఇంకోటి, తర్వాత తెరంతా వాన కురిసినట్టు గీతలు. టీవీ పాడైందేమోనని అంకుల్ నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. అది టీవీ కాదని నాకు తెలుసు. ఆ సినిమాలో ఆంటీ ఆగిన చోటు అదే.

గీతల వెనక సేల్స్‌మన్ చెంచా కింద పెట్టాడు. తలెత్తి ఆ అమ్మాయి మొహంలోకి చూశాడు.

"మీరు తిన్నారా?" అని అడిగాడు.

తల్లి చెయ్యి గాల్లోనే ఆగింది. మేనమామ, పెద్దకూతురు కదల్లేదు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదని వాళ్ళ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. ఆ అమ్మాయి గిన్నె బల్ల మీద పెట్టింది. తల్లి వైపు చూడకుండా, ఎవరూ రమ్మనకుండా, ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. కంచం దగ్గరికి జరుపుకుంది.

అంతే. ఇల్లు కూలలేదు, ఎవరూ చావలేదు. సేల్స్‌మన్ లేచి టోపీ పెట్టుకుని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు. సముద్రం మళ్ళీ గీతలు లేకుండా కనపడింది. సినిమా అయిపోయింది.

నాకు ఆ గ్రూప్‌లో గోంగూర మెసేజ్ పెట్టిన మనిషి మీద కోపం, ప్రెసిడెంట్ గారి మీద కోపం, రెండు వారాలకే తీసేసిన ఆ థియేటర్లవాళ్ళ మీద కోపం, మంచు పడుతోందని లేచిపోయిన అందరి మీద కోపం, బొబ్బట్ల డబ్బా మీద కోపం. ఆ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. చుట్టూ తిరిగి తిరిగి కోపమంతా ఆ నవ్వు మొహం బొమ్మ పెట్టిన నా వేలి దగ్గరికే వచ్చి ఆగింది.

అంకుల్ చెయ్యి చాచారు. నేను రిమోట్ ఇచ్చాను. ఆయన మీటలు వెతుక్కుని, ఒకటి నొక్కారు. బొమ్మ వెనక్కి నడిచింది. సేల్స్‌మన్ వెనక నడకతో లోపలికి వచ్చి టోపీ తీశాడు. గీతల వానలో ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి, గిన్నె తీసుకుని, నిలబడింది.

ఆయన ఆ మీట వదిలి ఇంకోటి నొక్కారు. అమ్మాయి కూర్చుంది.

మళ్ళీ వెనక్కి తిప్పారు. మళ్ళీ నిలబడింది.

"కూర్చో" అన్నారు అంకుల్, టీవీ వైపు చూస్తూ, చాలా మెల్లగా. ఆ అమ్మాయి కూర్చుంది.